పెద్దమేస్త్రి పెట్టిన గీత

పోయిన వారం మనం నిచ్చెనమ్మని కార్ఖానా గేటు దగ్గర, చేతిలో ఊడిపోయిన మెట్టుతో నిలబెట్టి వచ్చేశాం. పొద్దున్నే పాత పుస్తకాల షాపాయన తోపుడు బండి మీద నిచ్చెన వేయించుకుని, ఎడమ మణికట్టుకి తడిగుడ్డ చుట్టుకుని వచ్చాడు. నాలుగో మెట్టు ఊడి కిందపడ్డాడట. కింద పుస్తకాల గుట్ట ఉంది కాబట్టి వాపుతో సరిపోయింది. ఆ మెట్టు తీసి ఆమె చేతిలో పెట్టి, మీ నాన్నగారి కాలం నుంచీ ఇక్కడే కొంటున్నానమ్మా అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది.

ఆమెకా పేరు నిచ్చెనలు చేస్తుందని వచ్చిందో, మనిషి ఆ పొడుగున ఉందని వచ్చిందో ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. పేరు మాత్రం స్థిరపడిపోయింది. ఇప్పుడు ఆ పేరే పోయేలా ఉంది.

మెట్టు కొసని ఆమె గోటితో గీకి చూసింది. ఎండిన జిగురు పొలుసులుగా రాలింది. చీల కొట్టిన బెజ్జం లేదు. ఎలా ఉంటుంది? ఏడు వారాల కిందట చీలలు మానేయమన్నది తనే.

ఆ కార్ఖానాలో మూడు తరాలుగా ఒకటే పద్ధతి. మెట్టు కొసని పక్కబద్ద బెజ్జంలో దూర్చి, బరమాతో అడ్డంగా తొలిచి, గట్టి కర్రచీల కొట్టాలి. నిచ్చెనకి రెండు రోజులు పడుతుంది. అవతల వీధిలో రేకు నిచ్చెనలు గంటకొకటి తయారవుతుంటే ఇక్కడ రెండు రోజులకొకటి. అలాంటి సమయంలో జిగురు డబ్బాలు అమ్మేవాడొకడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ వచ్చాడు. రెండు చెక్కముక్కలు అతికించి, వాటికి ఇసుకబస్తా వేలాడదీసి చూపించాడు. నిచ్చెనమ్మ ఆ మధ్యాహ్నమే ఒప్పేసుకుంది. కుర్చీలోంచి తండ్రి ఏదో అనబోతే, ఇక నుంచి ఏది మంచో ఏది చెడో నేను చూసుకుంటాను నాన్నా, నువ్వు హాయిగా కూర్చో అంది. మోకాళ్ళు పోయి ఎనిమిది నెలలుగా గేటు పక్కన కుర్చీకి అతుక్కుపోయిన ఆ ముసలాయనే పెద్దమేస్త్రి. ఆ రోజు ఆయన నోరు మూసుకున్నాడు. కూతురు దాన్ని ఒప్పుకోలు అనుకుంది.

మరి పరీక్ష లేదా అంటే, ఉంది. నిచ్చెన గేటు దాటేముందు దాన్ని చేసిన మనిషి చిట్టచివరి మెట్టెక్కి మూడుసార్లు గెంతాలి. అది తాతగారు పెట్టిన కట్టుబాటు. జిగురు నిచ్చెనలు ముప్ఫై ఎనిమిదింటి మీదా ఆమె స్వయంగా గెంతింది, ఒక్కటీ కిర్రుమనలేదు. చీల కొట్టిన నిచ్చెన మొదటిరోజు నిలిస్తే జన్మంతా నిలుస్తుంది కాబట్టి తాతగారికి ఆ పరీక్ష సరిపోయింది. జిగురు మొదటిరోజు రాయిలా ఉంటుంది, ఐదు వారాల ఎండా తేమా తిన్నాక వదిలేస్తుంది. తాత గెంతులు గెంతి, తాత చీలలు మాత్రం మానేసింది. తన తెలివికి తనకే ఒళ్ళు మండిపోయింది.

లోపలికి వచ్చి రంపాలు ఆపించింది. ముప్ఫై ఎనిమిదీ ఈ రోజే వెనక్కి రావాలి, వచ్చేదాకా కొత్త చెక్క ముట్టుకోవద్దు అని చెప్పింది.

బక్కన్న రంపం కింద పెట్టలేదు. బక్కన్న అంటే ఒంటిచేత్తో దూలం లేపే భారీ మనిషి, ఆ పేరు పెట్టినవాళ్ళకి వెటకారం ఎక్కువ. తండ్రి దగ్గరా కూతురి దగ్గరా కలిపి పాతికేళ్ళ నుంచి పనిచేస్తున్నాడు. ఊడింది ఒక్కటే కదా చెల్లెమ్మా, రెండు వారాలు ఆగి చూద్దాం, మనంతట మనమే దండోరా వేసుకుంటే రేపటి నుంచి గేటు తొక్కేవాడుండడు అని నచ్చజెప్పబోయాడు. చెడ్డ మాటేం కాదు. మనలో చాలామంది అదే అనేవాళ్ళం.

కానీ ఆగి చూద్దాం అనే మాట ఆమెకి పడదు. ఆ మాటతోనే నాలుగేళ్ళు కాపురం చేసింది. పెళ్ళైన మూడో నెలలోనే ఆ మనిషితో తనకి పొసగదని తెలిసిపోయింది. అతను కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. ఆమె ఏం చెప్పినా నవ్వేవాడు, అంతే. ఉద్యోగం మారితే మారతాడని ఏడాది, ఇల్లు మారితే మారతాడని ఏడాది, తనే మారితే సరిపోతుందేమోనని మరో ఏడాదీ తొమ్మిది నెలలూ ఆగి చూసింది. బయటికొచ్చాక కుమిలింది అతని గురించి కాదు, ఊరికే పోగొట్టుకున్న ఆ మూడేళ్ళ తొమ్మిది నెలల గురించి. తప్పుడు నిర్ణయం ఎవరైనా తీసుకుంటారు. దాని పక్కనే చాప పరుచుకుని కూర్చోవడం మాత్రం ఇంకెప్పుడూ చేయకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

"అన్నా, రెండు వారాలాగితే ఎవడో ఒకడు నడుం విరగ్గొట్టుకుంటాడు. అప్పుడు నేను ఆగి చూశానని చెప్పుకోవాలా?" అంది.

బక్కన్న రంపం కింద పెట్టి వ్యాన్ తాళాలు అందుకున్నాడు.

ఎవరి నిచ్చెన ఎక్కడుందో తలుపు వెనక గోడ మీద బొగ్గుతో రాసి ఉంటుంది. పదేళ్ళ తర్వాతైనా పిలిచి బాగుచేయాలని ఆ రాత. ఆమె గోడకెదురుగా నిలబడి ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. అందరికీ ఒకటే మాట చెప్పింది, తప్పు నిచ్చెనది కాదు, నాది, ఎక్కొద్దు, నేల మీద పడుకోబెట్టండి, మావాళ్ళొచ్చి తీసుకెళ్తారు, చీలలు కొట్టింది మళ్ళీ తెచ్చిస్తాం అని. కొందరు మంచివాళ్ళు సరే అన్నారు. ఒక బడి హెడ్మాస్టరు పావుగంటసేపు వాయించేశాడు, పిల్లలుండే చోటికి ఇలాంటివి పంపిస్తావా అని. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం చెప్పలేదు. మీ నాన్న ఉన్నప్పుడు ఇలా లేదు అని ఏడుగురు అన్నారు. నాన్న ఇప్పుడూ ఉన్నాడండీ, గేటు పక్కనే ఉన్నాడు అనబోయి ప్రతిసారీ మానుకుంది.

మధ్యాహ్నం రెండయ్యేసరికి పాతిక నిచ్చెనలు ఆవరణలోకొచ్చాయి. మరో పన్నెండు ఎక్కడివక్కడ నేల మీద పడుకున్నాయి. గోడ మీద కొట్టేయకుండా మిగిలింది ఒక్కటే పేరు.

అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుని, వచ్చినవాటిలో ఏ మెట్టు వదులైందో చూద్దామని ఒకదాన్ని పక్కకి తిప్పింది. కుడి పక్కబద్ద లోపలివైపు, కింది మెట్టుకి జానెడు కిందన, ఉలి మొనతో గీసిన చిన్న గీత కనిపించింది. నడుమ ఇంకో అడ్డగీత. చెక్కకి ఏదో గీరుకుందనుకుని రెండోది తిప్పింది. దానికీ ఉంది. మూడోదానికీ ఉంది. గోడకానించి ఉన్న పాత చీలల నిచ్చెన చూసింది, దానికి లేదు. వరసగా పాతికా తిప్పింది. పాతికకీ ఉంది.

ఆ గీత ఆమెకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కోతమిల్లు నుంచి చెక్క దిగిన రోజున పెద్దమేస్త్రి ఒక్కొక్క కర్రనీ వేలి కణుపుతో తట్టి వింటాడు. లోపల పుచ్చుందని అనిపిస్తే ఉలితో ఆ గీత పెట్టి పక్కన పడేస్తాడు. అది పొయ్యిలోకి పోవలసిన కర్ర అని అర్థం.

ఏడు వారాలుగా గేటు దాటే ప్రతి నిచ్చెన దగ్గరా ఆయన కుర్చీలోంచి వంగి, బద్దని తట్టి, కిందన చేత్తో నిమురుతుండటం ఆమె చూస్తూనే ఉంది. బండి కదలబోతుంటే చేయెత్తి ఆపి మరీ నిమిరేవాడు. కూతురి పని చూసి ముసలాయన మురిసిపోతున్నాడనుకుంది, ఆ పిడికిట్లో ఉలి ఉందని తట్టలేదు. ఒకరోజు ఆ దృశ్యం చూసి కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి, బక్కన్నకి కనిపించకుండా లోపలికెళ్ళి మొహం కడుక్కుంది. ఆ నీళ్ళు గుర్తొచ్చి ఇప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిచ్చెనని ఈడ్చుకుంటూ వెళ్ళి తండ్రి కుర్చీ ముందు పడేసింది. వ్యాన్ లోంచి దిగుతున్న బక్కన్న అక్కడే ఆగిపోయాడు.

"నాన్నా, ఇది నీ గీతేనా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూడక్కర్లేదు. అయినా సర్దుకుని చూశాడు.

"నాదే" అన్నాడు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి నిచ్చెన నుంచి. చీల లేని మెట్టు మూగగా పలుకుతుంది. తడితే తెలిసిపోతుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు" అన్నాడు పెద్దమేస్త్రి. ఏడు వారాలుగా ఆ జవాబుని తోమి సిద్ధంగా పెట్టుకున్నాడని ఆ తీరులోనే తెలిసింది. "నేను చూసుకుంటాను, నువ్వు కూర్చో అన్నావు. కూర్చున్నాను. ఒక దెబ్బ తగిలితే నీకే తెలుస్తుందనుకున్నాను."

"దెబ్బ తగిలేది నాకు కాదు నాన్నా. ఎక్కేవాడికి. ఆ పుస్తకాలాయన నీకేం చేశాడు? బళ్ళో పిల్లలు నీకేం చేశారు?"

పెద్దమేస్త్రి గేటు వైపు చూశాడు. తనకి ఎవరి మీదా కోపం లేదని, కూతురికి పని నేర్పాలనే ఉద్దేశమని, తనకి తన తండ్రి కూడా అలాగే నేర్పాడని ఏదేదో చెప్పుకొచ్చాడు. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. పెద్దవాళ్ళకి ఓడిపోతున్నామని తెలిసినప్పుడే పాత సంగతులు గుర్తొస్తాయి.

"నీకు చెప్తే వినే అలవాటు ఎప్పుడుంది? ఆ పెళ్ళప్పుడూ అంతే. అతన్ని మొదటిసారి చూసిన రోజే నాకు తెలుసు, నీకు సరిపడే మనిషి కాడని" అన్నాడు.

 నిచ్చెనమ్మ తండ్రి మొహంలోకి చూసింది. కాళ్ళ కింద రంపపు పొట్టు మెత్తగా ఉంది. నాలుగేళ్ళపాటు పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ ఈయన ఎలా ఉన్నావమ్మా అని అడిగాడు, బాగున్నాను నాన్నా అని తను చెప్పింది, ఈయన తలూపాడు. తెలిసే తలూపాడన్నమాట. ఆ రోజుల్లో ఒక్కసారి, వచ్చేయమ్మా అని ఈ మనిషి అని ఉంటే ఆ రాత్రే వచ్చేసేది. మంటపుట్టింది ఆమెకి, గొంతు మాత్రం పెరగలేదు.

"నా తప్పు నాకు ఈ పొద్దున తెలిసింది. మధ్యాహ్నానికి ముప్ఫై ఏడు ఎవరూ ఎక్కకుండా ఆపాను. ఊరందరితో తిట్లు తిన్నాను, అయినా ఆపాను. నీ తప్పు నీకు ఏడు వారాలుగా తెలుసు నాన్నా. ముప్ఫై ఎనిమిది సార్లు ఉలి పట్టుకున్నావు. ఒక్కసారి నోరు తెరవలేకపోయావా? నేను తొందరపడి చెడగొట్టాను, ఒప్పుకుంటున్నాను. నువ్వు తీరిగ్గా కూర్చుని చెడగొట్టావు. మన ఇద్దరిలో ఎవరు పెద్దమేస్త్రో ఇక నువ్వే చెప్పు."

  ముప్ఫై ఏడేనా అని అడిగాడు పెద్దమేస్త్రి. ఆ గొంతులో ఇందాకటి బింకం లేదు.

ముప్ఫై ఏడే, రంగులాయనది దొరకలేదని బక్కన్న దూరం నుంచే చెప్పాడు. రంగులాయన అంటే బోర్డులు రాసే మనిషి. పెద్దమేస్త్రికి చిన్ననాటి స్నేహితుడు, కార్ఖానా గేటు మీద అక్షరాలు కూడా ఆయన రాసినవే. నిచ్చెనమ్మని భుజాల మీద ఎక్కించుకుని మోసినవాడు. రంగు చేతులతో ముట్టుకుంటే పాడవుతుందని ఫోన్ ఇంట్లోనే పెట్టి పోతాడు. మార్కెట్ వీధిలో కొత్త బట్టల షాపు గోడ మీద పేరు రాయడానికి వెళ్ళాడని వాళ్ళావిడ ఇప్పుడే చెప్పింది. భోజనానికి దిగివస్తాడులే, అప్పుడు పట్టుకుందామని బక్కన్న ఉద్దేశం.

"అది పొడుగు నిచ్చెన" అన్నాడు పెద్దమేస్త్రి. "ఇరవై రెండు మెట్లది."

ఔనని ఆమె అంది. ఆయన మొహంలో నెత్తురు లేదు. ఇంకేదో ఉందని ఆమెకి అర్థమైంది. ఇంకేం దాచావు నాన్నా అని అడిగింది.

"వాడు నన్ను అడిగాడు" అన్నాడాయన మెల్లగా. "తీసుకెళ్ళే రోజు నువ్వు వెనకవైపు ఉన్నావు. అమ్మాయి పని మీద అనుమానం కాదు మేస్త్రీ, చీలలు కనబడటం లేదు, తీసుకోమంటావా అని అడిగాడు. రాయిలా ఉంది, తీసుకెళ్ళు అన్నాను."

ఇప్పటిదాకా ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం, అడగలేదు కాబట్టి చెప్పలేదన్న సాకు. అది కూడా అబద్ధమని తేలింది.

"బయటివాడి ముందు నా కూతురి పని బాగాలేదని ఎలా చెప్పను?" అన్నాడు.

"నాకు చెప్పకుండా నా పరువు కాపాడావా" అంది నిచ్చెనమ్మ. ఇంకేమీ అనలేదు. అనడానికి టైం లేదు. వ్యాన్ వైపు నడిచింది.

వెనక కుర్చీ కిర్రుమంది. ఎనిమిది నెలలుగా ఎవరో ఒకరు చేయి ఇస్తే తప్ప లేవని మనిషి గేటు పట్టుకుని లేచి, పళ్ళు బిగబట్టి వచ్చి వ్యాన్ లో ఎక్కాడు. ఆమె రమ్మనలేదు, దిగమనలేదు, చేయీ ఇవ్వలేదు. బక్కన్న బండి తీశాడు.  రెండు సిగ్నళ్ళ దగ్గర ఆగినప్పుడు ఆమె డ్యాష్‌బోర్డు మీద పిడికిలితో కొడుతూ కూర్చుంది.

మార్కెట్ వీధిలో బట్టల షాపు మూడంతస్తులది. ఇంకా తెరవలేదు, షట్టర్లు దించి ఉన్నాయి, పై కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. ముందు గోడకి ఆనించిన పొడుగు నిచ్చెన మీద, చివరికి నాలుగైదు మెట్ల కిందన, రంగులాయన తలకి తుండు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నడుముకి రెండు డబ్బాలు వేలాడుతున్నాయి. గోడ మీద మనిషంత ఎర్రటి అక్షరాలు నాలుగు పూర్తయ్యాయి, ఐదోది సగంలో ఉంది. కింద నిచ్చెన పక్కనే కూరగాయలమ్మే ఆవిడ గంప ముందు కూర్చుని బేరం చేస్తోంది.

దారిలోనే ఆమె నిర్ణయించుకుంది, అరవకూడదు, కింద బద్దలు గట్టిగా పట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడాలి అని. ఉలిక్కిపడి ఒక్కసారి బరువు మారిస్తే అంతే సంగతులు. పరుగున వెళ్ళి రెండు బద్దలూ రెండు చేతులతో పట్టుకుంది. కూరగాయలావిడని పక్కకి జరగమని సైగ చేసింది. గొంతు సవరించుకునేలోపే రంగులాయన కిందకి చూడనే చూశాడు.

ఆయన చూపు ముందు ఆమె మీద కాదు, వ్యాన్ తలుపు పట్టుకుని నిలబడ్డ స్నేహితుడి మీద పడింది. మొహం విప్పారింది.

"ఏం మేస్త్రీ, కుర్చీ నిన్ను వదిలిందా, నువ్వు కుర్చీని వదిలావా" అన్నాడు పైనుంచి. "ఉండు, దిగొస్తున్నా. నువ్వు చెప్పినట్టే రాయిలా ఉందయ్యా నిచ్చెన."

కుంచె డబ్బాలో పెట్టి, ఎడమకాలు కింది మెట్టు కోసం చాపాడు. ఆమె నోరు తెరిచేలోపే, వెనక నుంచి తండ్రి గొంతు వీధంతా వినిపించింది.

"కదలకురా. ఆ నిచ్చెన మంచిది కాదు. నువ్వు అడిగిన రోజే నాకు తెలుసు. నీకు అబద్ధం చెప్పాను."

బేరాలు ఆగిపోయాయి. రంగులాయన కాలు గాల్లోనే నిలిచిపోయింది. పెదాల మీద నవ్వు ఇంకా ఉంది, అది తీసేయాలో ఉంచాలో ఆయనకే తెలియనట్టుంది. పెద్దమేస్త్రి జన్మలో పరాచికాలాడిన మనిషి కాదు. రంగులాయన తల వంచి, నిచ్చెన మొదట్లో బద్దలు పట్టుకుని ఉన్న ఆమె వైపు చూశాడు.

"నిజమేనా తల్లీ?"

"నిజమే బాబాయ్. చేసింది నేను" అంది నిచ్చెనమ్మ. "రెండు చేతులతో పక్కబద్దలు పట్టుకో. నిలబడ్డ కాలు తియ్యొద్దు."

ఆయన ఆమె మాట విన్నాడు. రెండు చేతులూ బద్దల మీదికి తెచ్చాడు. మొత్తం బరువంతా ఒక్క కుడికాలి మీద పడింది. ఆమె అరచేతుల్లో చెక్క సన్నగా వణికింది. పైన, ఆయన పాదం కింద, మెట్టు తన బెజ్జంలో మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.